చెన్నైలో మళ్ళీ చదువుకోవాలంటే: కమ్యూనిటీ కాలేజీయా, ఐటీఐయా, పాలిటెక్నిక్కా, ఓపెన్ యూనివర్సిటీయా?

అమెరికాలో ఉన్న కోడలో ఆడపడుచో కమ్యూనిటీ కాలేజీలో చేరిందని తెలియగానే చెన్నైలోని మన తెలుగిళ్ళలో ఒక ప్రశ్న పుడుతుంది: "ఇక్కడ అలాంటిది లేదా?" ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. అక్కడ 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జాలియెట్ జూనియర్ కాలేజీతో మొదలైన పద్ధతి అది. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇవాళ 116 ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఇంగ్లిష్ నేర్చుకునే అమ్మ, వెల్డింగ్ నేర్చుకునే కుర్రాడు, రెండేళ్ళు అందులో చదివి మిగతా రెండేళ్ళకు స్టేట్ యూనివర్సిటీకి మారిపోయే విద్యార్థి, అందరూ ఒకే ఆవరణలో ఉంటారు. స్థానికులకు ఫీజు తక్కువ. వయసు ఎవరూ అడగరు.

చెన్నైలో ఇన్ని పనులూ ఒక్కచోట చేసే కాలేజీ లేదు. ఆ పనిని నాలుగైదు రకాల సంస్థలు పంచుకున్నాయి. అందుకే ఇక్కడ "ఏది మంచిది?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ తరగతి దగ్గర ఆగారు, రోజుకు ఎన్ని గంటలు ఇవ్వగలరు, చేతికొచ్చే కాగితాన్ని ఎవరికి చూపించాలి, ఈ మూడూ తేలితే దారి దానంతటదే తేలుతుంది. మూడోదాన్ని చాలామంది ఆలోచించరు. నా దృష్టిలో అసలైనది అదే. వీధి చివర టైలరింగ్ షాపు పెట్టుకునే ఆవిడ దగ్గర సర్టిఫికెట్ ఎవరూ అడగరు, జాకెట్టు సరిగ్గా కుదిరిందా లేదా అనే చూస్తారు. అదే ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు మార్కులెన్ని వచ్చినా చదువుల వరుస తప్పితే అప్లికేషన్ పక్కన పడేస్తారు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. చెన్నై తెలుగువాళ్ళలో రెండు రకాలున్నారు, ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. తాతల కాలం నుంచి పెరంబూరు, కొరుక్కుపేట, వాషర్‌మన్‌పేటల్లో స్థిరపడ్డవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాయడం మాత్రం తమిళంలోనే. మొన్నమొన్న నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి పనుల కోసం వచ్చినవాళ్ళకు తమిళం చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఐటీఐలోనైనా కమ్యూనిటీ కాలేజీలోనైనా పాఠం సాగేది తమిళంలో, మధ్యమధ్య ఇంగ్లిష్ మాటలతో. కొత్తగా వచ్చినవాళ్ళు దీనికి భయపడనక్కర్లేదు కానీ, ముందు రెండు మూడు నెలలు తమిళ అక్షరాలు నేర్చుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

కొత్తవాళ్ళకు రిజర్వేషన్ విషయంలోనూ చిక్కుంది. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నా, రాష్ట్రం మారితే ఆ హక్కు వెంట రాదు. ఆంధ్ర నుంచి బొంబాయికి వెళ్ళిన కుటుంబానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి మెడికల్ సీటు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది. తమిళనాడు కమ్యూనిటీ సర్టిఫికెట్ (అంటే కుల ధ్రువీకరణ పత్రం) ఉన్న పాత కుటుంబాలకు ఈ బాధ లేదు.

ఐటీఐ: ముందుగా చూడాల్సింది ఇదే

మన ఇళ్ళలో ఐటీఐ అంటే చదువు రానివాళ్ళు పోయే చోటు అనే చిన్నచూపు ఉంది. పిల్లాడికి మార్కులు తక్కువొస్తే లక్షలు పోసి పేరు తెలియని ఇంజనీరింగ్ కాలేజీలో చేరుస్తారే తప్ప గిండీ ఐటీఐ వైపు చూడరు. నాకు ఇది బొత్తిగా అర్థం కాదు. తమిళనాడు ప్రభుత్వ ఐటీఐలో ట్యూషన్ ఫీజు లేదు. నెలకు 750 రూపాయల స్టైపెండ్, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, సైకిల్, బస్ పాస్ ప్రభుత్వమే ఇస్తుంది. ఆరో తరగతి నుంచి ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకైతే, అమ్మాయిలకు 2022లో మొదలైన పుదుమై పెణ్ పథకం కింద, అబ్బాయిలకు 2024లో వచ్చిన తమిళ్ పుదల్వన్ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు వేరే.

ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఏసీ మెకానిక్ లాంటి రెండేళ్ళ ట్రేడ్లకు పది పాసై ఉండాలి. వెల్డర్, వైర్‌మన్ లాంటివాటికి ఎనిమిది చాలు. మగవాళ్ళకు 40 ఏళ్ళ దాకా అవకాశం ఉంది, ఆడవాళ్ళకు పై వయసు పరిమితే లేదు. ఈ చివరి ముక్క తెలిసిన ఇల్లాళ్ళు చాలా తక్కువ. టాటా టెక్నాలజీస్‌తో కలిసి రాష్ట్రంలో 71 ప్రభుత్వ ఐటీఐలకు కొత్త యంత్రాలు తెచ్చారు, రోబోటిక్స్, ఆటోమేషన్ కోర్సులు కూడా వచ్చాయి. మీకు దగ్గరున్న ఐటీఐకి అవి వచ్చాయో లేదో వెళ్ళి చూసుకోవాలి.

తెలుగువాళ్ళకు ఐటీఐలో ఇంకో లాభం ఉంది. అక్కడిచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. అంబత్తూరు పారిశ్రామిక వాడకు ఎంత పనికొస్తుందో, సరిహద్దు దాటి తడ పక్కనున్న శ్రీసిటీకీ అంతే పనికొస్తుంది. సూళ్ళూరుపేట లోకల్ ఎక్కితే ఆంధ్రలో దిగొచ్చు, అక్కడి ఫ్యాక్టరీలో మన భాషలో పని చేసుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీ కాగితానికి ఈ బలం లేదు. రెండేళ్ళ ఐటీఐ తర్వాత పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి కూడా ఉంది.

ఇబ్బంది ఒక్కటే, టైమ్. పగలంతా అక్కడే ఉండాలి, హాజరు తగ్గితే స్టైపెండ్ పోతుంది. ఇల్లు నడిపేవాళ్ళకు, పనికి వెళ్ళేవాళ్ళకు ఇది పెద్ద అడ్డు. వాళ్ళ కోసమే తరవాతిది.

కమ్యూనిటీ కాలేజీ

మన దేశంలో ఈ పేరుతో మొదటిది 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పెట్టింది. మరుసటి ఏడాది చెన్నైలో క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో మద్రాస్ కమ్యూనిటీ కాలేజీ వచ్చింది. ఆ తర్వాత తమిళనాడు ఓపెన్ యూనివర్సిటీ గుర్తింపుతో ట్రస్టులు, సంఘాలు నడిపేవి చాలా పుట్టాయి. 2013లో విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ కూడా ఒక పథకం తెచ్చి, ఇప్పటికే ఉన్న కాలేజీల్లోనే ఈ కోర్సులు నడపమంది. కాబట్టి బోర్డు మీద ఒకే పేరున్నా లోపల రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయి. "ఇది ఎవరి గుర్తింపు? సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది?" అన్నది మొదట అడగండి. సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుంచి లేచొచ్చేయండి.

యూజీసీ తరహాలో ఆరు నెలల సర్టిఫికెట్‌కు 30 క్రెడిట్లు (చదువును కొలిచే లెక్క), ఏడాది డిప్లొమాకు 60. ప్రతి 30లో 18 చేతిపనికి, 12 భాష, కంప్యూటర్ లాంటి మామూలు చదువుకు. ప్లస్ టూ అయ్యుండాలి, వయసు అడ్డు లేదు. ఓపెన్ యూనివర్సిటీ తరహా కాలేజీల్లో చదువు మధ్యలో ఆపేసినవాళ్ళకు కూడా కోర్సులుంటాయి. రెండిట్లోనూ కొంతకాలం బయట ఆసుపత్రిలోనో, హోటల్లోనో, వర్క్‌షాపులోనో పని నేర్చుకోవడం కోర్సులో భాగం. నిజం చెప్పాలంటే ఈ కాలేజీల అసలు విలువ అక్కడే ఉంది. తరగతి గదిలో ఏం చెప్పారన్నది కాదు, ఇంటర్న్‌షిప్‌కి ఎక్కడికి పంపారన్నదే మీకు ఉద్యోగం తెస్తుంది.

చేరే ముందు ఓసారి ప్రాక్టికల్ గది చూపించమనండి. ఫొటోల్లో కాదు, లోపలికి వెళ్ళి చూడండి. టైలరింగ్ కోర్సు అయితే మిషన్లకు దారం ఎక్కించి ఉందా, కింద గుడ్డముక్కలు పడి ఉన్నాయా? ఏసీ మెకానిక్ కోర్సు అయితే విప్పదీసిన కంప్రెసర్ ఏదైనా బల్ల మీద ఉందా, లేక ప్లాస్టిక్ కవరు కూడా తీయని కొత్త ఏసీ గోడకు వేలాడుతోందా? పని జరిగే గది చెత్తగా ఉంటుంది. అద్దంలా మెరిసే గది చూస్తే నాకు అనుమానమే. అలాగే పోయినేడు చదివినవాళ్ళలో ఇద్దరి నంబర్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే సంగతి అర్థమైపోతుంది.

ఒక హెచ్చరిక కాస్త గట్టిగా చెప్పాలి. చెన్నైలో "హెల్త్ అసిస్టెంట్", "పేషెంట్ కేర్" డిప్లొమాలను కొన్నిచోట్ల నర్సింగ్ అని నోటిమాటగా చెప్పి చేర్చుకుంటారు. అది నర్సింగ్ కాదు. నర్సుగా రిజిస్టర్ కావాలంటే నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఏఎన్‌ఎమ్, జీఎన్‌ఎమ్, బీఎస్సీ నర్సింగ్ మాత్రమే దారి. హెల్త్ అసిస్టెంట్‌గా ప్రైవేట్ ఆసుపత్రిలోనో, ఇళ్ళలో పెద్దవాళ్ళను చూసుకునే పనిలోనో సంపాదించుకోవచ్చు, అందులో తప్పేం లేదు. కానీ తెలిసి చేరాలి. ప్రీ ప్రైమరీ టీచర్ కోర్సుదీ ఇదే కథ: వీధిలోని నర్సరీ స్కూల్లో పని దొరుకుతుంది, ప్రభుత్వ టీచర్ పోస్టుకు అది చెల్లదు.

అమెరికా పద్ధతిలో ఇక్కడ రెండేళ్ళు చదివి డిగ్రీ మూడో ఏడాదికి మారిపోవచ్చా? కాగితం మీద యూజీసీ క్రెడిట్లు వృత్తి విద్యా డిగ్రీ అయిన బీ.వోక్ వైపు దారి తీయాలి. మీరు చేరే కాలేజీలోనే బీ.వోక్ ఉంటే ఆ దారికి అర్థం ఉంది. లేకపోతే ఆ ఆశ పెట్టుకోకండి.

ఇన్ని లోపాలు చెప్పి కూడా, ముప్పై అయిదేళ్ళు దాటి, పిల్లలు బడికి వెళ్ళాక రోజుకు మూడు నాలుగు గంటలు దొరికే ఆడవాళ్ళకు నేను ముందుగా చెప్పేది కమ్యూనిటీ కాలేజీయే. ఈ తరహా చదువు మనకు కొత్త కూడా కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది 1937లో. మధ్యలో బడి మానేసిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారు చేసేవారు. ఆమె స్వయంగా ఆ పరీక్ష ప్రైవేటుగా రాసి పాసైన మనిషి.

పాలిటెక్నిక్

పది పాసైన పదహారేళ్ళ పిల్లలకు, మూడేళ్ళు ఓపిక ఉన్నవాళ్ళకు ఇది బాగుంటుంది. పెద్దవాళ్ళకు నేను సిఫార్సు చేయను. తరమణిలో సెంట్రల్ పాలిటెక్నిక్, దాని పక్కనే ఆడపిల్లలకు డాక్టర్ ధర్మాంబాళ్ పాలిటెక్నిక్, అదే ప్రాంగణంలో తోలు, బట్టల తయారీ, ప్రింటింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థలున్నాయి. ప్రభుత్వ ఫీజు ప్రైవేట్‌తో పోల్చుకుంటే లెక్కలోకి రాదు. ప్లస్ టూ సైన్స్ అయినవాళ్ళు నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు, డిప్లొమా తర్వాత బీఈ రెండో ఏడాదిలో చేరొచ్చు. అందరూ మెకానికల్, కంప్యూటర్ అంటూ ఎగబడతారు గానీ, చుట్టూ ఇన్ని తోళ్ళ పరిశ్రమలున్న రాష్ట్రంలో లెదర్ టెక్నాలజీ వైపు మనవాళ్ళెవరూ చూడకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఓపెన్ యూనివర్సిటీ, ఓపెన్ స్కూల్

సైదాపేటలో ఉన్న తమిళనాడు ఓపెన్ యూనివర్సిటీ 2002లో వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో కూడా ఉంది. ఉద్యోగం చేసుకుంటూ ప్రమోషన్ కోసం డిగ్రీ కావాల్సినవాళ్ళకు ఇవి సరిపోతాయి. చేతిపని నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడ డిగ్రీలో చేరితే మూడేళ్ళు పోతాయి, పని రాదు.

ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. "పది, ప్లస్ టూ లేకుండా నేరుగా డిగ్రీ" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అలా తెచ్చుకున్న డిగ్రీ తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాదు. పది, ప్లస్ టూ, డిగ్రీ ఆ వరుసలోనే ఉండాలని 2009 నాటి ప్రభుత్వ ఉత్తర్వు చెబుతోంది. పైగా 2021 డిసెంబర్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే టీఎన్‌పీఎస్‌సీ పరీక్షల్లో తమిళం అర్హత పేపర్ తప్పనిసరి, కనీసం 40 శాతం రావాలి. ఆ పేపర్ పదో తరగతి స్థాయిలో ఉంటుంది. తమిళం చదివి పెరిగినవాళ్ళకు అది నల్లేరు మీద నడక. కొత్తగా వచ్చినవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగమే గురి అనుకుంటే, ఏ కోర్సు అన్న ప్రశ్న కంటే ముందు తమిళం సంగతి చూసుకోవాలి.

కొంతమంది హైదరాబాద్‌లోని అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో తెలుగు మీడియంలో చేరదామా అని అడుగుతారు. మంచి సంస్థే, 1982 నుంచి ఉంది. కానీ రాష్ట్ర ఓపెన్ యూనివర్సిటీలు సొంత రాష్ట్రం బయట స్టడీ సెంటర్లు పెట్టకూడదు. క్లాసులకూ పరీక్షలకూ చెన్నై నుంచి వెళ్ళిరావాలి. తెలంగాణలో ఉండటానికి చోటుంటే తప్ప అది సాగే పని కాదు.

పది కూడా కానివాళ్ళకు మాత్రం ఒక మంచి దారి ఉంది: జాతీయ ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్. పదో తరగతిని తెలుగు మీడియంలో రాయొచ్చు. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసు లేదు. అయిదు సబ్జెక్టులు, అయిదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు. ఏడాదికి ఒక్క సబ్జెక్టు రాసినా చివరికి పది పూర్తవుతుంది. నెల్లూరు నుంచి కట్టడం పనికొచ్చి ఎనిమిది దగ్గర ఆగిపోయిన కుర్రాడికి ఇంతకంటే తేలికైన మెట్టు నాకు కనిపించదు.

అసలు ఏ పరీక్షా వద్దు, కుట్టుపనో బ్యూటీషియన్ పనో వస్తే చాలనుకునేవాళ్ళకు జన శిక్షణ్ సంస్థాన్‌లున్నాయి. 1967లో బొంబాయిలో శ్రమిక్ విద్యాపీఠ్ పేరుతో మొదలైనవి ఇవి. చదువు రానివాళ్ళకు, బడి మానేసినవాళ్ళకు కొన్ని నెలల కోర్సులు, నామమాత్రపు ఫీజుతో.

ఇనిషియల్ గొడవ

ఏ సంస్థ ఎంచుకున్నా మన తెలుగువాళ్ళందరికీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర తగిలే రాయి ఒకటుంది. మనకు పేరు ముందు వచ్చేది ఇంటిపేరు. తమిళనాడులో అది తండ్రి పేరు మొదటి అక్షరం. ఒంగోలులో పది చదివిన పద్మ మార్కుల షీటులో "కొండేటి పద్మ". చెన్నైలో రేషన్ కార్డు చేయించుకునేటప్పుడు తండ్రి సుబ్బారావు కాబట్టి "ఎస్. పద్మ". పెళ్ళయ్యాక ఆధార్‌లో భర్త పేరు చేరి "పద్మ వెంకటేశ్". కౌంటర్‌లో ఆవిడ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఏమ్మా, ఇందులో మీరెవరు?" అని అడిగితే ఏం చెబుతాం? చేరాక సరిచేసుకుందాంలే అనుకోకండి. చివరికి సర్టిఫికెట్ ఏ పేరుతో వస్తుందో అదే మీ పేరు అవుతుంది. అప్లికేషన్ పెట్టడానికి నెల ముందే ఆధార్‌ను పదో తరగతి మార్కుల షీటుతో సరిపెట్టుకోండి. మార్కుల షీటు మార్చడం కష్టం, ఆధార్ మార్చడం తేలిక.

ఎవరికి ఏది

ఎలక్ట్రీషియన్ కావాలనుకునే ఇరవై ఏళ్ళ అబ్బాయికి కమ్యూనిటీ కాలేజీ వద్దు, ఐటీఐకి వెళ్ళమనండి. ఏడాది ఎక్కువైనా సరే. ఆఫీసులో క్లర్కుగా ఉన్న తమ్ముడికి ప్రమోషన్ డిగ్రీ దగ్గర ఆగిందా, ఓపెన్ యూనివర్సిటీ, అదీ ప్లస్ టూ ఉంటేనే. ప్లస్ టూ చదివి పెళ్ళయి ఇంట్లో ఉన్న వదినకు కంప్యూటర్, కేటరింగ్ లాంటివాటికి కమ్యూనిటీ కాలేజీ. ఆవిడకు పగలంతా వీలుంటే మాత్రం మహిళా ఐటీఐ ఇంకా మేలు. చెన్నైలో మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు 2021 నుంచి టికెట్ లేదు కాబట్టి దూరం ఒక సాకు కాకూడదు.

ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ల జోలికి ఎందుకు వెళ్ళలేదంటే, పై వాటిలో ఏదీ కుదరదని తేలాకే వాటి గురించి ఆలోచించాలి. యాభై వేలు కట్టి మూడు నెలల్లో "నూరు శాతం ప్లేస్‌మెంట్" అనే బోర్డు చూసినప్పుడు ఆ ప్లేస్‌మెంట్ ఎక్కడ, జీతం ఎంత అన్నది రాతపూర్వకంగా అడగండి.

ఐటీఐ, పాలిటెక్నిక్ దరఖాస్తులు పదో తరగతి ఫలితాల చుట్టూ, అంటే మే, జూన్ నెలల్లో తీసుకుంటారు. డిమాండ్ ఉన్న ట్రేడ్లు ముందే నిండిపోతాయి, మిగిలిన సీట్లకు ఆ తర్వాత నేరుగా చేర్చుకుంటారు. ఓపెన్ యూనివర్సిటీ ఏడాదికి రెండు విడతలుగా తీసుకుంటుంది, కాబట్టి ఒకటి తప్పినా ఆర్నెల్లకు మించి ఆగక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీలది ఒక్కోదానిది ఒక్కో తీరు, నేరుగా వెళ్ళి కనుక్కోవాలి. వెళ్ళేటప్పుడు టీసీ, మార్కుల షీట్లు, ఆధార్, కమ్యూనిటీ సర్టిఫికెట్, ఫొటోలు అసలూ నకలూ రెండేసి సెట్లు పెట్టుకోండి. అసలు కాగితాలను సంస్థ దగ్గర వదిలి రావాల్సి వస్తే, తీసుకున్నట్టు సంతకం చేసిన రసీదు లేకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.